నీట్ లాంగ్ టర్మ్: వరసగా టెస్టులు రాస్తున్నా మార్కులు కదలట్లేదు, ఏం చేయాలి?

నీట్ (వైద్య విద్య ప్రవేశ పరీక్ష) కోసం ఇంటర్ అయ్యాక మళ్లీ ఏడాది కోచింగ్ తీసుకోవడాన్ని లాంగ్ టర్మ్ అంటారు. అలా చదువుతున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: "సార్, లాంగ్ టర్మ్‌లో ఉన్నాను. కాలేజీలో వారానికి రెండు పరీక్షలు పెడతారు. బయట కొన్న టెస్ట్ సిరీస్‌లో ఇంకొకటి రాస్తున్నాను. మార్కులు 720కి 470 – 500 మధ్యే తిరుగుతున్నాయి. టైమంతా టెస్టులకే పోతోంది, రివిజన్‌కి మిగలట్లేదు. టెస్టులు మానేసి చదువుకోనా, లేక ఇంకా ఎక్కువ రాయనా?"

అమ్మా, బైపీసీ పిల్లలకు చాలా ఏళ్లుగా బయాలజీ చెబుతున్నాను. సంక్రాంతి సెలవులు అయిపోయి గ్రాండ్ టెస్టులు (మొత్తం సిలబస్ మీద పెట్టేవి) మొదలవగానే ఈ ప్రశ్న అడిగేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. నా సమాధానం ముందే చెప్పేస్తాను. టెస్టులు మానకు. వాటి సంఖ్య సగానికి తగ్గించు, ఒక్కో టెస్టు మీద పెట్టే సమయం రెట్టింపు చెయ్యి. టెస్టు వేరే పని, రివిజన్ వేరే పని అని విడదీసుకున్నావు కాబట్టే నీకు టైమ్ చాలట్లేదు. సరిగ్గా వాడుకుంటే టెస్టే రివిజన్. సరిగ్గా వాడుకోవడం అంటే ఏమిటో చెప్పడానికే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మొదట, చదవడం కంటే రాయడం ఎందుకు ఎక్కువ పనిచేస్తుందో చూడు. 2006లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో వాషింగ్టన్ యూనివర్సిటీకి చెందిన రోడిగర్, కార్పిక్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ప్రచురించారు. కాలేజీ విద్యార్థులకు చిన్న పాఠం ఇచ్చారు. కొందరు దాన్నే నాలుగు విడతలు చదివారు. ఇంకొందరు ఒక విడత చదివి, తర్వాత మూడు విడతలు పాఠం చూడకుండా గుర్తున్నదంతా రాశారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత చూస్తే లెక్క తిరగబడింది. చదివినవాళ్లకు దాదాపు 40 శాతం గుర్తుంటే, రాసినవాళ్లకు దాదాపు 61 శాతం గుర్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది. వారం తర్వాత ఎంత గుర్తుంటుందనుకుంటున్నారని ముందే అడిగితే, ఎక్కువ ధీమాగా చెప్పింది చదివినవాళ్లే. ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకం మూడోసారి తిరగేసి "అంతా వచ్చేసింది" అనుకుని, హాల్లో ఆప్షన్లు చూడగానే తడబడే పిల్లల పరిస్థితి సరిగ్గా ఇదే. కళ్లకు అలవాటైన పేజీ మనకు వచ్చినట్టే అనిపిస్తుంది. పుస్తకం మూశాక బుర్రలోంచి బయటికి తీయగలిగిందే మనది.

అయితే ఆ ప్రయోగంలో విద్యార్థులకు ఆప్షన్లు లేవు, ఖాళీ కాగితం మీద రాశారు. మనం రాసేవి బిట్లు, అంటే ఆప్షన్లున్న ప్రశ్నలు. నాలుగు ఆప్షన్లు కళ్లెదుట ఉంటే గుర్తుపట్టడం సులువు. పైగా తప్పు ఆప్షన్ పెట్టి, కీ సరిగ్గా చూసుకోకుండా వదిలేస్తే ఆ తప్పే జ్ఞాపకంలో స్థిరపడిపోయే ప్రమాదం ఉంది. ఆదివారం రాసిన పేపర్‌ను అలా వదిలేసి మంగళవారం ఇంకో పేపర్‌కు కూర్చుంటే జరిగేది అదే. ఈ మూడు టెస్టుల మధ్య నీకు ఒక్కదాన్నీ తెరిచి చూసే తీరిక ఉండదు. మార్కులు అక్కడే ఆగిపోవడానికి కారణం నీ తెలివి కాదు, కష్టపడకపోవడం అసలే కాదు.

నీ మార్కులనే లెక్క వేద్దాం. 180 బిట్లలో 130 రైటు (ఒక్కోదానికి నాలుగు మార్కులు), 30 తప్పు (ఒక్కోదానికి ఒక మార్కు కోత), 20 వదిలేశావనుకో. 520లోంచి 30 పోతే 490. తప్పు పెట్టిన ఒక్కో బిట్ రైటైతే తేడా నాలుగు మార్కులు కాదు, ఐదు. ఆ 30లో సగం సరిచేసుకుంటే 75 మార్కులు పెరిగి 565కి వెళ్తావు, కొత్త చాప్టర్ ఒక్కటి కూడా చదవకుండానే. ఆ 30 ఎక్కడున్నాయో నీకు చూపించేది నీ పాత పేపర్లు మాత్రమే. ఇంకో కొత్త పేపర్ ఇంకో 30 తప్పులు చూపిస్తుంది, అంతే.

ఇప్పుడు పని ఎలా చేయాలో చెప్తాను. ఇది పరీక్ష రాస్తుండగానే మొదలవుతుంది. ప్రతి బిట్ పక్కన ప్రశ్నపత్రం మీద చిన్న గుర్తు పెట్టు. కచ్చితంగా తెలిసిన దానికి ఏమీ వద్దు. రెండు ఆప్షన్ల మధ్య ఊగిసలాడి పెట్టినదానికి చుక్క. ఊహించి పెట్టినదానికి ప్రశ్నార్థకం. వదిలేసినదానికి సున్నా. అర సెకను పని. ఈ గుర్తులు లేకపోతే సాయంత్రానికి నువ్వు ఏది తెలిసి పెట్టావో, ఏది అదృష్టం కొద్దీ తగిలిందో నీకే గుర్తుండదు. ఊహించి పెట్టి రైటైన బిట్ నీ స్కోరులో ఉంటుంది గానీ నీ చదువులో ఉండదు. అది మే నెలలో మళ్లీ రావచ్చు.

పరీక్ష అయ్యాక నేరుగా కీ దగ్గరికి పరిగెత్తకు. ఈ ఒక్క అలవాటు మార్చుకుంటే చాలా మారుతుంది. అందరూ గది బయట నిలబడి "ఆ బిట్‌కి ఎంత పెట్టావు" అని చెప్పుకుంటుంటారు. నువ్వు ఆ గుంపులోకి వెళ్లకు. టీ తాగి, కాసేపు తిరిగి, సాయంత్రం స్టడీ అవర్‌లో పేపర్ మళ్లీ తియ్యి. చుక్క, ప్రశ్నార్థకం, సున్నా ఉన్న బిట్లన్నీ గడియారం లేకుండా, పుస్తకం లేకుండా, కీ లేకుండా రెండోసారి చెయ్యి. కొన్ని ఈసారి హాయిగా వచ్చేస్తాయి. అవి నీకు తెలిసినవే, హాల్లో టైమ్ చాలక లేదా కంగారులో పోయినవి. కొన్ని ఎంత కూర్చున్నా రావు. అవి నిజంగా చదవాల్సినవి. ఈ రెండింటికీ మందు వేరు వేరు. మొదటి రకానికి మళ్లీ థియరీ చదివితే సమయం దండగ. రెండో రకానికి స్పీడ్ పెంచమని చెబితే ప్రయోజనం లేదు. కీ ముందే చూసేస్తే ఈ తేడా ఎప్పటికీ తెలియదు, ఎందుకంటే జవాబు చూశాక ప్రతిదీ "అయ్యో, ఇది నాకు తెలుసే" అనిపిస్తుంది.

ఆ తర్వాతే కీ. ముందు చూడాల్సింది ఏ గుర్తూ లేకుండా, ధీమాగా పెట్టి తప్పైన బిట్లు. ఇవే అన్నిటికంటే ప్రమాదం, ఇవే అన్నిటికంటే సులువుగా సరిదిద్దుకోగలిగినవి కూడా. ధీమాగా చెప్పిన తప్పును వెంటనే సరిదిద్దితే, అది అనుమానంతో చెప్పిన తప్పు కంటే బాగా సర్దుకుంటుందని 2001లో బటర్‌ఫీల్డ్, మెట్‌కాఫ్ అనే పరిశోధకులు చూపించారు. నమ్మకం దెబ్బతిన్న చోట మనసు ఎక్కువ శ్రద్ధ పెడుతుంది. కాబట్టి అలాంటివి కనిపిస్తే బాధపడకు, వాటితోనే మొదలుపెట్టు.

ఒక బిట్ తీసుకుని దగ్గరగా చూద్దాం. "కింది వాటిలో రక్తపీడనాన్ని తగ్గించే దిశగా పనిచేసేది ఏది? రెనిన్, యాంజియోటెన్సిన్-2, ఆల్డోస్టిరాన్, ఏఎన్ఎఫ్." ఒక అమ్మాయి ఆల్డోస్టిరాన్ పెట్టింది. కీలో ఏఎన్ఎఫ్ అని ఉంది. మామూలుగా ఏం చేస్తారు? ఏఎన్ఎఫ్ చుట్టూ ఎర్ర పెన్నుతో గీత గీసి పేజీ తిప్పేస్తారు. రెండు నిమిషాల్లో పది బిట్లు "అనాలిసిస్" అయిపోతాయి. కానీ ఆ అమ్మాయికి పోయింది ఒక పదం కాదు, మొత్తం గొలుసు. ఆమె పుస్తకం మూసి తెల్ల కాగితం మీద ఇలా రాయాలి: మూత్రపిండంలో జీఎఫ్ఆర్ (రక్తాన్ని వడగట్టే వేగం) తగ్గింది, జక్స్టా గ్లోమెరులర్ కణాలు రెనిన్ విడుదల చేశాయి, రెనిన్ వల్ల యాంజియోటెన్సినోజెన్ నుంచి యాంజియోటెన్సిన్-1, దాని నుంచి యాంజియోటెన్సిన్-2, అది రక్తనాళాలను బిగించి పీడనం పెంచుతుంది, అడ్రినల్ కార్టెక్స్‌ను ప్రేరేపించి ఆల్డోస్టిరాన్ వచ్చేలా చేస్తుంది, ఆల్డోస్టిరాన్ సోడియాన్నీ నీటినీ వెనక్కి పీల్చేలా చేసి మళ్లీ పీడనం పెంచుతుంది. ఇక గుండె కర్ణికల గోడల నుంచి వచ్చే ఏఎన్ఎఫ్ నాళాలను వదులు చేసి ఈ మొత్తం వ్యవస్థకు అడ్డుకట్ట వేస్తుంది. రాస్తున్నప్పుడు ఎక్కడ పెన్ను ఆగిందో అక్కడే లోపం. ఆగిన చోట మాత్రమే ఎన్‌సీఈఆర్‌టీ తెరిచి ఆ పేరా చదవాలి.

ఇప్పుడు చూడు, ఆ ఒక్క బిట్‌లోని నాలుగు ఆప్షన్లూ ఒకే గొలుసులోని నాలుగు కొక్కేలు. రేపు ప్రశ్న "రెనిన్ విడుదల చేసేవి ఏవి" అని రావచ్చు, "ఏఎన్ఎఫ్ వల్ల నాళాలు సంకోచిస్తాయి" అని స్టేట్‌మెంట్‌గా రావచ్చు, జతపరచమని రావచ్చు. ఈ గొలుసు రాసుకున్నవాళ్లకు అన్నీ ఒకటే. అందుకే రైటైన చుక్క బిట్లలో కూడా మిగతా మూడు ఆప్షన్లు ఎందుకు కావో ఒక్కో మాటలో చెప్పుకోమంటాను. చెప్పలేకపోతే ఆ బిట్ నీకు రానట్టే లెక్క. బయాలజీలో 90 బిట్లు ఉన్నాయి, సగం మార్కులు అక్కడే ఉన్నాయి. ఈ పద్ధతి ఫలితం ముందు కనిపించేది కూడా అక్కడే.

ఫిజిక్స్‌లో తప్పుల స్వభావం వేరు. "ఒక తీగను సాగదీసి పొడవు రెట్టింపు చేస్తే నిరోధం ఎన్ని రెట్లు అవుతుంది?" రెండు రెట్లు అని పెట్టి తప్పు చేసినవాళ్లు చాలామంది ఉంటారు. తర్వాత "సిల్లీ మిస్టేక్ సార్" అంటారు. నా క్లాసులో ఆ మాట అననివ్వను. ఆ మాట అనగానే ఆ తప్పు మీద దర్యాప్తు ఆగిపోతుంది. ఇక్కడ ఏం జరిగింది? నిరోధం పొడవుకు అనులోమానుపాతంలో ఉంటుందని గుర్తుంది. సాగదీస్తే తీగ ఘనపరిమాణం మారదని, కాబట్టి మధ్యచ్ఛేద వైశాల్యం సగమవుతుందని తట్టలేదు. పొడవు రెట్టింపు, వైశాల్యం సగం, కాబట్టి నాలుగు రెట్లు. "సాగదీసి" అన్న మాట చదవకపోయావా, చదివినా దాని అర్థం తట్టలేదా? మొదటిదైతే నీది చదివే తొందర. దానికి మందు, ప్రశ్నలో కీలకమైన మాట కింద గీత గీయడం. "సరికానిది ఏది" అన్న ప్రశ్నల్లో "సరికానిది" చుట్టూ సున్నా చుట్టడం కూడా అందులో భాగమే. రెండోదైతే నీది కాన్సెప్ట్ లోపం. దానికి మందు అలాంటివే మరో ఐదారు లెక్కలు. పేరు సరిగ్గా పెట్టకపోతే మందు సరిగ్గా పడదు.

కాబట్టి తప్పైన ప్రతి బిట్‌కీ కారణం ఒక్క మాటలో రాసుకో: తెలియదు, మర్చిపోయాను, కలగాపులగం చేశాను, ప్రశ్న సరిగ్గా చదవలేదు, లెక్కలో పొరపాటు, టైమ్ లేదు, బబ్లింగ్ తప్పు (జవాబు పత్రంలో వేరే గడి దిద్దాను). రెండు మూడు పేపర్ల తర్వాత ఈ మాటలు లెక్కపెడితే నీ కథంతా తెలుస్తుంది. "మర్చిపోయాను" ఎక్కువగా ఉన్నవాళ్లు చదివినదానికి మళ్లీ మళ్లీ తిరిగి రావట్లేదన్నమాట. "కలగాపులగం" ఎక్కువగా ఉన్నవాళ్లు దగ్గరి విషయాలను పక్కపక్కన పెట్టి పట్టికలు వేసుకోవాలి. "టైమ్ లేదు" ఎక్కువగా ఉన్నవాళ్లకు ఫిజిక్స్‌లో ఒక్కో లెక్క మీద ఐదు నిమిషాలు కూర్చునే అలవాటు ఉండి ఉంటుంది.

తప్పుల నోట్‌బుక్ గురించి చాలామంది చెబుతారు, చాలామంది పెడతారు. అందులో ఎక్కువ భాగం పనికిరాని విధంగా ఉంటుంది. ప్రశ్న మొత్తం అందంగా ఎక్కించి, కింద జవాబు రంగుల్లో రాస్తారు. అది మళ్లీ చదివే పుస్తకమే అయింది, పరీక్ష కాలేదు. నువ్వు ఎడమ పేజీలో చిన్న ప్రశ్న మాత్రమే రాయి: "జీఎఫ్ఆర్ తగ్గితే ఏమవుతుంది, చివరిదాకా చెప్పు." "తీగ సాగదీస్తే వైశాల్యం ఏమవుతుంది, ఎందుకు?" జవాబు కుడి పేజీలో, చేత్తో మూసుకునేలా ఉండాలి. రెండు రోజుల తర్వాత ఒకసారి, వారం తర్వాత ఒకసారి, మూడు వారాల తర్వాత ఒకసారి ఎడమ పేజీ మాత్రమే చూసి జవాబు చెప్పుకో. వరసగా మూడుసార్లు తడబాటు లేకుండా వచ్చినదాన్ని కొట్టెయ్యి. అలా చేస్తే పుస్తకం పెరుగుతూ పోకుండా అదుపులో ఉంటుంది. పరీక్ష దగ్గరికి వచ్చేసరికి నీ చేతిలో నీకు రానివి మాత్రమే మిగులుతాయి. ఏ పబ్లిషర్ మెటీరియలూ నీకు అంత కచ్చితంగా సరిపోదు.

ఏ పేపర్లు రాయాలనేదానికి నా అభిప్రాయం గట్టిగానే ఉంది. ముందు ప్రీవియస్ పేపర్లు. 2016లో రెండు విడతలుగా జరిగిన నీట్ నుంచి ఇటీవలి సంవత్సరం దాకా అన్నీ పూర్తి చేయకుండా బయటి టెస్ట్ సిరీస్ జోలికి వెళ్లొద్దు. ప్రశ్న అడిగే భాష, ఆప్షన్లు ఒకదానికొకటి ఎంత దగ్గరగా పెడతారు, ఎన్‌సీఈఆర్‌టీ వాక్యాన్ని ఎక్కడ మెలిపెడతారు అన్నది ఆ పేపర్లలోనే అర్థమవుతుంది. ప్రైవేటు మెటీరియల్‌లో కొన్నిసార్లు ఎన్‌సీఈఆర్‌టీలో లేని వివరం అడిగి పిల్లల్ని భయపెడతారు, కీలో తప్పులు కూడా ఉంటాయి. ఒక జాగ్రత్త తీసుకో. 2024 పరీక్ష నుంచి సిలబస్ మారింది. ఘనస్థితి, పాలిమర్లు, జీర్ణక్రియ - శోషణ, మొక్కల్లో ఖనిజ పోషణ, పర్యావరణ సమస్యలు వంటి చాప్టర్లు తీసేశారు. పాత పేపర్లలో అవి వస్తే కొట్టేసి ముందుకెళ్లు. అలాగే 2021 నుంచి 2024 దాకా 200 బిట్లు ఇచ్చి 180 రాయమనేవాళ్లు, సమయం 2021లో 180 నిమిషాలు, 2022 నుంచి 200 నిమిషాలు. 2025 నుంచి ఛాయిస్ తీసేసి 180 బిట్లు, 180 నిమిషాలు చేశారు. ఆ నాలుగేళ్ల పేపర్లను టైమ్ పెట్టుకుని రాసేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకో.

తెలుగు మీడియంలో చదివి, పరీక్షకు తెలుగు ఎంచుకునేవాళ్లకు ఒక మాట. ప్రశ్నపత్రం తెలుగు, ఇంగ్లీషు రెండింటిలోనూ ఉంటుంది. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషు పాఠమే చెల్లుతుంది. కాబట్టి ప్రాక్టీస్ పేపర్లు కూడా రెండు భాషల్లో పక్కపక్కన చూసే అలవాటు ముందే చేసుకోవాలి. తెలుగు అకాడమీ పుస్తకంలోని "వృక్క ప్రమాణం" అనే మాట పక్కన "నెఫ్రాన్" కూడా నోట్‌బుక్‌లో ఉంటే హాల్లో ఆగిపోయే పని ఉండదు.

చాప్టర్ టెస్టులు, గ్రాండ్ టెస్టులు రెండూ కావాలి, కానీ పని వేరు. ఒక చాప్టర్ చదివిన రోజే అదే చాప్టర్ మీద 50 బిట్లు చేసి 45 రైటు తెచ్చుకోవడం ఆనందంగానే ఉంటుంది. అది అప్పటికప్పుడు వచ్చిన వేడి. ఫిజిక్స్‌లో అయితే ఏ ఫార్ములా వాడాలో చాప్టర్ పేరే చెప్పేస్తుంది. అసలు పరీక్షలో ఆ సాయం ఉండదు. 2007లో రోరర్, టేలర్ అనే పరిశోధకులు గణితం మీద ఇదే పరీక్షించారు. ఒకే రకం లెక్కలు వరసగా చేసినవాళ్లు సాధన సమయంలో 89 శాతం రైటు చేశారు. రకరకాల లెక్కలు కలిపి చేసినవాళ్లు 60 శాతమే చేయగలిగారు. వారం తర్వాత పరీక్ష పెడితే మొదటి గుంపు 20 శాతానికి పడిపోయింది, రెండో గుంపు 63 శాతం తెచ్చుకుంది. కాబట్టి చాప్టర్ అయిన రోజు ఒక పది బిట్లు చాలు. మిగతావి దాచుకుని, వారం తర్వాత మరో మూడు నాలుగు చాప్టర్ల బిట్లతో కలిపి చెయ్యి. మార్కులు తక్కువ వస్తాయి. రానీ.

నెగెటివ్ మార్కుల మీద కూడా అడుగుతుంటారు: తెలియని బిట్ వదిలేయాలా, పెట్టాలా? లెక్క ప్రకారం నాలుగు బిట్లు గుడ్డిగా పెడితే సగటున ఒకటి రైటు, మూడు తప్పు. నాలుగు వచ్చి మూడు పోతే ఒక మార్కు మిగులుతుంది. కానీ పేపర్ చేసేవాళ్లు తప్పు ఆప్షన్లను మనం చేసే పొరపాట్లనుంచే తయారుచేస్తారు. కాబట్టి మన "ఊహ" చాలాసార్లు వాళ్లు పెట్టిన ఉచ్చులోకే వెళ్తుంది. దీనికి అందరికీ పనికొచ్చే నియమం చెప్పలేను, నీ పేపర్లే చెబుతాయి. గత ఐదారు టెస్టుల్లో ప్రశ్నార్థకం పెట్టిన బిట్లు లెక్కపెట్టు. ఐదింట్లో ఒకటి మాత్రమే రైటైతే లాభం లేదు, నష్టం లేదు. అంతకంటే తక్కువైతే వదిలేయడం అలవాటు చేసుకో. రెండు ఆప్షన్లను కారణంతో కొట్టేయగలిగిన చుక్క బిట్లలో సాధారణంగా సగం రైటవుతాయి. వాటిని వదిలేయడం మాత్రం తప్పు, రెండు బిట్లకు సగటున మూడు మార్కులు వదులుకున్నట్టు.

టెస్టు రాసే తీరు కూడా అసలు పరీక్షలాగే ఉండాలి. 2025లో పరీక్ష మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా జరిగింది. కాలేజీల్లో చాలాచోట్ల పొద్దున పెడతారు. భోజనం చేసి నిద్రమత్తులో ఉండే ఆ సమయంలో మూడు గంటలు కదలకుండా కూర్చోవడం శరీరానికి అలవాటు కావాలి. అందుకే వారానికి ఒక్కటైనా ఆ సమయానికే రాయి. ఫోన్లో, కంప్యూటర్లో రాసే టెస్టులు చాప్టర్ ప్రాక్టీసుకు సరే గానీ, ఫుల్ టెస్టుకు కాగితం, నల్ల బాల్‌పాయింట్ పెన్ను, ఓఎంఆర్ షీటు ఉండాల్సిందే. ఓఎంఆర్ మీద దిద్దిన బబుల్ చెరపడానికి ఉండదు. చివరి పది నిమిషాల్లో 180 బబుల్స్ ఒకేసారి దిద్దుదామనుకుని ఒక వరస జరిగిపోయి బయటికి వచ్చి ఏడ్చిన పిల్లల్ని చూశాను. ఒక పేజీ పూర్తవగానే ఆ పేజీ బబుల్స్ దిద్దేసెయ్. సబ్జెక్టుల వరస విషయంలో నేను బయాలజీ ముందు అంటాను: 45 – 50 నిమిషాల్లో 90 బిట్లు అయితే మనసు నిలబడుతుంది. ఫిజిక్స్ ముందు రాసి బాగా చేసేవాళ్లూ ఉన్నారు. ఏదైనా ఫిబ్రవరికల్లా తేల్చుకుని ఇక మార్చకు. రఫ్ వర్క్‌కు వేరే కాగితం ఇవ్వరు, ప్రశ్నపత్రంలోనే చేసుకోవాలి. ప్రాక్టీసులోనూ అలాగే చెయ్యి.

మార్కుల గురించి మీ అమ్మానాన్నలకు కూడా ఒక మాట చెప్పాలనిపిస్తోంది, వీలైతే ఇది వాళ్లకు చూపించు. ఆదివారం రాత్రి ఫోన్‌కు మెసేజ్ రాగానే "ఎన్ని తగ్గాయి, పక్కింటి అబ్బాయికి ఎన్ని" అని అడిగితే పిల్లలు తప్పులు వెతకడం మానేసి, మార్కులు కాపాడుకోవడం మొదలుపెడతారు. పేపర్ కఠినంగా ఉంటే మార్కులు తగ్గుతాయి, దానికి పిల్లల చదువుతో సంబంధం ఉండకపోవచ్చు. 2024లో మొదటి ర్యాంకర్లకు 720కి 720 వచ్చాయి. 2025లో ఫిజిక్స్ కఠినంగా వచ్చి దేశంలోనే అత్యధిక మార్కు 686 దగ్గర ఆగింది. జనరల్ వాళ్లకు అర్హత మార్కు 162 నుంచి 144కి దిగింది. పిల్లలు బలహీనపడి కాదు, పేపర్ మారింది కాబట్టి. ఒక టెస్టు మార్కును ఇంకో టెస్టు మార్కుతో పోల్చడం ఎంత తప్పో దీన్నిబట్టే తెలుస్తుంది. పోల్చాల్సింది తప్పుల కారణాలను. గత నెల "ప్రశ్న సరిగ్గా చదవలేదు" కింద పది ఉంటే ఈ నెల నాలుగు ఉన్నాయా? ఉంటే బిడ్డ ముందుకెళ్తోంది, మార్కు 480 అయినా సరే.

ఇక నీ వారం ఎలా ఉండాలో చెప్తాను. కాలేజీ పరీక్షలు రెండూ తప్పించుకోలేవు కాబట్టి వాటిలో పెద్దదాన్ని నీ ప్రధాన టెస్టుగా పెట్టుకో. దానిమీదే పైన చెప్పిన పనంతా చెయ్యి: రాసిన సాయంత్రం రెండో ప్రయత్నం, మర్నాడు కీ, కారణాలు, గొలుసులు, నోట్‌బుక్. దీనికి ఐదారు గంటలు పడుతుంది. అంత టైమా అనిపిస్తుంది. ఆ గంటల్లో నువ్వు తెరిచే ఎన్‌సీఈఆర్‌టీ పేరాలు, చేసే అదనపు లెక్కలు, అవే నీ రివిజన్. మళ్లీ వేరేగా "ఈరోజు ఈ చాప్టర్ మొత్తం చదవాలి" అని కూర్చోనక్కర్లేదు, ఒక చాప్టర్‌లో తప్పులు గుంపుగా కనిపిస్తే తప్ప. చిన్న పరీక్షకు తప్పులు, కారణాలు మాత్రం చూసుకుంటే చాలు. మిగతా రోజుల్లో పాత చాప్టర్లు కలిపిన 45 బిట్లు, రోజుకో అరగంట నోట్‌బుక్ ఎడమ పేజీలు. లాంగ్ టర్మ్ కాబట్టి మార్చిలో నీకు ఇంటర్ పరీక్షల గొడవ లేదు. ఆ నెలను ప్రీవియస్ పేపర్లకు కేటాయించు, వారానికి రెండు చొప్పున. మూడోది రాయాలనిపించినా ఆగు, రెండోదాని పని పూర్తయిందో లేదో చూడు.

నిద్ర తగ్గించి టెస్టులు పెంచేవాళ్లు హాస్టళ్లలో చాలామంది ఉన్నారు. రాత్రి ఒంటిగంటదాకా కూర్చుని పొద్దున ఐదుకు లేస్తే, ఆ రోజు చేసిన తప్పుల్లో ఎన్ని తెలియకపోవడం వల్ల, ఎన్ని అలసట వల్ల అన్నది నీ లెక్కకే అందదు. ఆరున్నర ఏడు గంటలు పడుకో. మార్కులు తగ్గిన రోజు తిండి మానేయడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం లాంటివి వరసగా కొన్ని రోజులు జరిగితే దాచుకోకు. ఇంట్లో చెప్పు, నమ్మకమున్న లెక్చరర్‌కు చెప్పు. ఆ స్థితిలో ఇంకో గ్రాండ్ టెస్ట్ రాయడం అవసరం లేదు.

ఏప్రిల్ చివరి వారానికి ఫుల్ టెస్టులు ఆపెయ్యి. చివరిది పరీక్షకు ఐదారు రోజుల ముందు ఉండాలి, అదీ నువ్వు ఇంతకుముందు రాసిన ప్రీవియస్ పేపర్ అయితే మేలు. ఆ రోజుల్లో కొత్త పేపర్ కఠినంగా తగిలితే అనవసరమైన టెన్షన్ తప్ప నేర్చుకునేది ఉండదు. మిగిలిన రోజులు నోట్‌బుక్‌లో కొట్టేయకుండా మిగిలినవి, ఎన్‌సీఈఆర్‌టీలో బొమ్మలు, పట్టికలు, ఫిజిక్స్ ఫార్ములాలు, ఆర్గానిక్‌లో పేరున్న రియాక్షన్లు.

కొన్న టెస్ట్ సిరీస్ డబ్బులు వృథా అవుతాయని నీ మనసులో ఉండే ఉంటుంది. అవ్వవు. అందులోని ఫుల్ టెస్టులు అన్నీ రాయాలన్న పట్టుదల వదిలేసి, ఆ పేపర్లను బిట్ బ్యాంక్‌లా వాడుకో. నీ నోట్‌బుక్‌లో "కలగాపులగం" అని రాసుకున్న చాప్టర్లకు సంబంధించిన బిట్లు మాత్రం అందులోంచి ఏరుకుని, పది పదిహేను చొప్పున చెయ్యి. ముందు ఈ వారం ఒక పని చెయ్యి: ఇప్పటిదాకా రాసి పక్కన పడేసిన పేపర్లలో చివరి మూడు బయటికి తీసి, కీ ముట్టుకోకుండా తప్పులన్నీ రెండోసారి చేసి చూడు. ఎన్ని టైమ్ లేక పోయాయో, ఎన్ని నిజంగా రావో ఆ రెండు సంఖ్యలు నాకు రాయి. సబ్జెక్టులవారీగా విడదీసి రాస్తే ఇంకా మంచిది. ఎక్కడ మొదలుపెట్టాలో వాటిని చూసి చెప్తాను.